ఎదురుమాట వంతు

హాజరుకు ఇరవై రోజులు

ఇవాళ పొద్దున వెంగయ్యన్న పోయాడు. మంచి మనిషి పోయాడన్న బాధ ఒకవైపు, ఇంకో ఇరవై రోజులు ఓపిక పట్టి పోకూడదా అన్న కోపం ఇంకోవైపు. ఇలా రాయడం తప్పే. ఈ పుస్తకం నాది, ఇందులో నా నోరు మూసేవాళ్లు లేరు కాబట్టి రాస్తున్నాను.

నేను పెంచలమ్మను. కరకట్ట కూలీల పక్షానికి ఇరవై ఆరేళ్లుగా కార్యదర్శిని. కార్యదర్శి అంటే ఏదో పెద్ద పదవి అనుకునేరు! పొద్దున్నే ఆఫీసు కప్పెక్కి సౌరపలకల మీద పేరుకున్న సముద్రపు ఉప్పు గీకాలి. వడపోత గొట్టాలు కడగాలి. నెలకోసారి అందరికీ కబురు పెట్టి సమావేశం జరపాలి, ఎవరేమన్నారో రాయాలి. సముద్రానికి అడ్డంగా గోడ కట్టిన నలభై ఆరో ఏట ప్రతిపక్షం చేయగలిగిన రాజకీయం ఇంతే.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం మా ప్రాణాలు గుప్పిట్లో ఉంటాయి. అది హాజరు రోజు. ఆరోజు చట్టపెట్టె అనే రాజ్యపు యంత్రం ముందు సభ్యులు ఒక్కొక్కరే నిలబడి తమ పేరు చెప్పాలి. పదకొండు గొంతులు వినబడితే పక్షం ఉన్నట్టు. పదే వినబడితే లేనట్టు. లేనట్టంటే ఇకముందు లేకపోవడం కాదు, అసలెన్నడూ లేనట్టు. పాత కాగితాల్లోంచి, జైలు చిట్టాల్లోంచి, సమాధి రాళ్ల మీంచి కూడా పేరు చెరిపేస్తారు. రెండేళ్ల కిందట జాలర్ల పక్షానికి అదే గతి పట్టింది. వాళ్ల నాయకురాలి సమాధి మీద ఇప్పుడు నున్నటి రాయి తప్ప ఏమీ లేదు.

నిన్నటిదాకా మేం సరిగ్గా పదకొండు మందిమి. ఇవాళ్టినుంచి పదిమందిమి. కొత్తగా చేరినవాళ్ల ఇంట్లో అందరికీ నీటి వాటా సగానికి కోస్తారు, కాబట్టి చేరమని ఎవరినీ అడగడానికి కూడా ముఖం చెల్లదు.

హాజరుకు పద్దెనిమిది రోజులు

జకరయ్యన్న వచ్చాడు. మా అధ్యక్షుడు. డెబ్బై ఎనిమిదేళ్లు, అందులో తొమ్మిదేళ్లు ఉప్పుమళ్ల జైల్లో. మోకాళ్లు పనిచేయవు, నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది.

"పక్షం చరిత్ర యాడిదాకా వచ్చిందమ్మే?" అన్నాడు. హాజరు రోజున పేర్లతోపాటు చరిత్ర కూడా చట్టపెట్టెకు ఇచ్చెయ్యాలని ఆయన పట్టుదల. ఒకసారి దాని కడుపులోకి పోతే పక్షం బతికున్నంతకాలం దాన్ని ఎవరూ చెరపలేరు.

"ఇరవైమూడో సంవత్సరం దాకా అయింది."

"పోయిన నెలా అదే మాట చెప్తివి గదా!"

"చేతులు నొప్పులన్నా."

చేతులు బాగానే ఉన్నాయి. ఆరో ఏట కూలీలు పక్షం పెట్టుకోవడం రాశాను. గోడకు బయట వదిలేసిన ఏడు ఊళ్ల కోసం పదిహేనో ఏట తట్టా పారా దించేసి నలభైరోజులు కూర్చోవడం రాశాను. పంతొమ్మిదో ఏట ఎన్నికల్లో మూడోవంతు సీట్లు గెలిచి ఊరంతా చిందులేయడం రాశాను. ఇరవైనాలుగో ఏడు దగ్గరికొచ్చేసరికి కలం ముందుకు కదలదు.

ఎందుకు కదలదో సాయంత్రం నీళ్లకు పోయినప్పుడు మళ్లీ తెలిసొచ్చింది. నీళ్ల మధ్య మేముండే దిబ్బ మీద ఒకటే నీటిస్తంభం. నీళ్లు వదిలే ముందు, పొద్దునా సాయంత్రమూ, అందులోంచి ఒక గొంతు పలుకుతుంది. ఇరవైరెండేళ్లుగా అదే గొంతు, అవే మాటలు. "సంరక్షకుడు లేనిదే ఈ గోడ లేదు. ఈ గోడ లేనిదే మనం లేము. అధికారమంతా ఆయన చేతిలో పెడదాం. నేను కూలీ బిడ్డను, మనస్ఫూర్తిగా చెబుతున్నాను."

అది మస్తానయ్య గొంతు. మా పక్షం మనిషి. మేం వెలివేసిన మనిషి. 'చూడండి, ప్రతిపక్షం వాళ్లే ఏమన్నారో' అని రాజ్యం ఇన్నేళ్లుగా రోజుకు రెండుసార్లు అందరి చెవుల్లో పోస్తున్నది ఆయన గొంతునే.

హాజరుకు పదహారు రోజులు

రాయక తప్పదు. ముందు ఈ పుస్తకంలో రాసుకుంటే అక్కడ రాయడానికి ధైర్యం వస్తుందేమో.

గండి పూడ్చేటప్పుడు కట్ట కూలీలకు ఒక పద్ధతి ఉండేది. ఆఖరి తట్ట వేసే ముందు ముఠాలో ఒకణ్ణి ఎదురు నిలబెట్టేవారు. "ఇది ఆగదు, ఫలానా చోట తెగుతుంది" అని వాడు వాదించాలి. తనకు నమ్మకం ఉన్నా లేకపోయినా గట్టిగా వాదించాలి, అప్పుడే లోపాలు బయటపడతాయి. అదే పద్ధతి పక్షంలోకీ వచ్చింది. ప్రతి తీర్మానానికీ ఒకరు ఎదురుమాట చెప్పాలి, ఓటు కూడా ఎదురే వెయ్యాలి. 'ఇది నా వంతు కాబట్టి చెబుతున్నాను' అనకూడదు, మనసులో మాటలాగే చెప్పాలి. వంతులు వరసగా వస్తాయి కాబట్టి ఎవరిది ఎప్పుడో అందరికీ తెలుసు. ఏకగ్రీవం అనే మాట మా పుస్తకాల్లో ఒక్కచోట కూడా లేదు. అదే మా గొప్ప అనుకున్నాం.

ఇరవైనాలుగో ఏట, రాజ్యాన్ని ఏలే సంరక్షకుడు సర్వాధికారాలూ అడిగాడు. ఒప్పుకునేది లేదని తీర్మానం చేయడానికి రెండువందల పదమూడు మందిమి కూడాం. ఆరోజు ఎదురుమాట వంతు నాది. అంటే సంరక్షకుణ్ణి మెచ్చుకుంటూ నేను మాట్లాడాలి. అంతకు నెల ముందే ఆయన హుకుం మీద తుఫానులో గోడెక్కిన మా తమ్ముడు శవమై వచ్చాడు. నా వల్ల కాలేదు. సమావేశానికి ముందు మస్తానయ్య దగ్గరికి పోయి, "ఆ మనిషిని నా నోటితో పొగడలేను అన్నా" అని ఏడ్చాను.

"సరేలేమ్మే, నేను చెప్తాలే. నువ్వు పోయి కాసిన్ని నీళ్లు తాగు" అన్నాడాయన.

చెప్పాడు, అదీ అదరగొట్టేలా చెప్పాడు. వింటున్నవాళ్లకు ఒక్క క్షణం సంరక్షకుడే నయమనిపించింది. తీర్మానం రెండువందల పన్నెండుకు ఒకటితో నెగ్గింది. వంతు మారిందని నేను ఒక్క వాక్యం రాయాలి. రేపు రాద్దామనుకున్నాను. మర్నాడు పొద్దున్నే సైనికులొచ్చి అందర్నీ పట్టుకుపోయారు. తర్వాత విని రాసుకోవడానికని సమావేశంలో మాటలన్నీ రికార్డు చేసిన నా పెట్టెను కూడా తీసుకుపోయారు. నెల తిరక్కుండా ఆ నాలుగు ముక్కలూ స్తంభాల్లో మోగాయి.

ఆయన వంతే అయితే అందరూ అర్థం చేసుకునేవారు. ఆయన వంతు కాదు గదా! వంతు కాకుండా లేచి మాట్లాడాడంటే అది మనసులో మాటే అయ్యుండాలి. మూడేళ్లకు నేను జైలు నుంచి వచ్చేసరికి రేవులో దండలు పట్టుకుని నిలబడ్డారు. పెంచలమ్మ నోట్లో మాట ఆ ద్రోహి లాక్కున్నాడని అప్పటికే కథ అల్లేశారు. "నీ వంతు ఆయనకిచ్చినావా? నువ్వడిగితేనే మాట్లాడినానంటుండాడు" అని కమిటీవాళ్లు అడిగారు.

"గుర్తులేదు" అన్నాను.

ఆ రెండు మాటలే. మర్నాడు ఆయన్ని వెలివేశారు.

హాజరుకు పదమూడు రోజులు

కొత్త సభ్యుల నియమాలు చదువుతుంటే ఒకచోట చూపు ఆగిపోయింది. 'ప్రతిపక్ష సభ్యుల స్వరం ప్రజాస్తంభాలలో వినిపించరాదు.' మేం మస్తానయ్యను వెలివేశాక, సంరక్షకుడు ఇంకా మేమంటే భయపడే రోజుల్లో పెట్టిన నియమం. ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు ఈ పదేళ్లలో లేరు. రాజ్యం నడిపేది చట్టపెట్టెలే. ఒకప్పుడు ఆయన ఏం శాసించాడో అదంతా వాటిలో ఉంది, అవి దాన్నే అమలు చేస్తూ పోతుంటాయి. వాటిని మార్చడం తెలిసినవాళ్లు ఎవరైనా మిగిలారో లేదో కూడా అనుమానమే.

మస్తానయ్య మళ్లీ సభ్యుడైతే మాకు పదకొండో గొంతు దొరుకుతుంది. ఆయన గొంతు స్తంభాల్లో ఆగిపోతుంది. లెక్క చూస్తే ఇంత తేలిక! మధ్యలో అడ్డంగా ఉన్నది నేనొక్కదాన్నే.

హాజరుకు పదకొండు రోజులు

తాడుపడవ ఎక్కి పదమూడో దిబ్బకు పోయాను. మస్తానయ్య ఇంటిముందు కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. అరవై ఆరేళ్ల మనిషి ఎనభైలా ఉన్నాడు. నన్ను చూసి పక్కనున్న పలక తీసుకుని 'ఏం కావాల' అని రాసి చూపించాడు. గుర్తుపట్టక కాదు. బయట ఎక్కడా ఆయన నోరు విప్పడు. విప్పితే చాలు, ఆ గొంతు ఎవరిదో రాజ్యంలో ప్రతివాళ్లకూ తెలుసు. అంగట్లో వేలితో చూపించి సరుకులు కొనుక్కుంటాడు.

"నాతో కూడా పలకేనా మస్తానన్నా?"

లేచి లోపలికి పోయాడు. వెనకే పోయాను. తలుపు వేశాక మాట్లాడాడు. తుప్పు పట్టిన గిలకలా ఉంది ఆ గొంతు.

"ఏంది మే, ఇంత దూరం? ఎవురన్నా పోయినారా?"

"వెంగయ్యన్న."

"అయ్యో. నాతో మాట్లాడేటోడు గాదు గానీ, ఎదురొస్తే తిట్టేటోడు గూడా గాదు."

సంగతంతా చెప్పాను. విని నవ్వాడు. "పదకొండో మనిషి తక్కువైతే గానీ నేను గుర్తురాలా?"

"రాలా" అన్నాను. అబద్ధం చెప్పడానికి అంత దూరం పోలేదు.

"నాకెందుకు మే మీ పక్షం? మీరు నన్ను తోసేసిన రోజునే నేను చచ్చిపోయినా. పో."

"నువ్వు సభ్యుడివైతే స్తంభాల్లో నీ గొంతు ఆపెయ్యాల అన్నా. చట్టంలోనే ఉండాది."

ఆయన చేతిలో పీచు జారిపోయింది. కిందపడ్డది తీసుకోకుండానే అడిగాడు.

"ఆగిపోద్దా?"

"ఆగిపోవాల."

"అన్ని దిబ్బల్లోనా?"

"అన్నిట్లోనూ."

"మా ఆమె పోయే రోజు నీళ్లడిగిందమ్మే. చెంబు పట్టుకోని పరిగెత్తినా. నీళ్లు వదలాలంటే ముందు అది వాగాల గదా. నేను వాగిందంతా నిలబడి వింటా ఉండిపోయినా. తిరిగొచ్చేలోపల ప్రాణం పోయింది." ఆయన కళ్లు తుడుచుకోలేదు. "నేను అడిగేది ఒకటే. జాలిపడి పిలిస్తే రాను. మీకు మనిషి కావాలని పిలిస్తే గూడా రాను. ఆ రోజు ఏం జరిగిందో నువ్వు అందరి ముందరా చెప్పు. చెప్పినాక వాళ్లు పిలిస్తే వస్తా."

సరేనన్నాను. తిరుగు పడవలో తల వంచుకుని కూర్చున్నాను.

హాజరుకు ఎనిమిది రోజులు

చెప్పలేదు. నిన్న చెబుదామనుకుంటే విదేశీ అతిథులొచ్చారు. మా రాజ్యంలో ప్రతిపక్షం కూడా ఉందని చూపించడానికి అప్పుడప్పుడూ తీసుకొస్తుంటారు. మా కుర్చీలు, మా జెండా, మా జకరయ్యన్న మోకాళ్లు చూసి ఫొటోలు తీసుకుని పోయారు. ఇవాళ గొట్టాలు పూడుకుపోయాయి, రోజంతా వాటితోనే సరిపోయింది. రేపు ఇంకేదో వస్తుంది. ఇరవైరెండేళ్లుగా సాకులు వెతకడంలో ఆరితేరాను కదా, నాకేం తక్కువ?

నా భయం ఇక్కడ రాస్తాను. జైలంటే భయం కాదు, అది చూసేశాను. రేవులో ఆ దండలు వేయించుకున్న మెడ ఇది. ఆ మెడ వంచి అందరి ముందూ నిలబడడమే నా భయం.

హాజరుకు నాలుగు రోజులు

ఇవాళ సమావేశం. పదిమందీ వచ్చారు. మస్తానయ్యను తిరిగి చేర్చుకుందామని జకరయ్యన్న తీర్మానం పెట్టాడు. ఎదురుమాట వంతు షమీమ్‌ది. బడిపంతులమ్మ, ముప్పైఐదేళ్లు, మాలో అందరికంటే చిన్నది. వాళ్ల నాయన మాతోపాటే అరెస్టయి జైల్లోనే పోయాడు.

"ఇది నా వంతూ అవును, నా మాటా అవును" అంది షమీమ్. అలా అనకూడదన్న సంగతి ఎవరూ గుర్తుచేయలేదు. "ఆ మనిషి గొంతు కాపాడితేనే బతికే పక్షం నాకొద్దు. సమాధి మీద మా నాయన పేరు చెరిపేస్తే చెరిపెయ్యనీండి. ఆ మనిషి పక్కన నిలబడి నా పేరు చెప్పలేను."

నేను లేచాను. కార్యదర్శి మధ్యలో మాట్లాడకూడదు. మాట్లాడాను.

"ఆ రోజు వంతు నాది. నేనే బతిమాలి ఆయనకిచ్చినా. ఆయన లాక్కోలా. మీరు అడిగిననాడు నాకు బాగా గుర్తుండాది, గుర్తులేదని అబద్ధం చెప్పినా. ఇంతకాలం మీరు తిట్టిన తిట్లన్నీ నాకు తగలాల్సినవి."

జకరయ్యన్న కళ్లు మూసుకున్నాడు. ఎవరో "ఛీ" అన్నారు. ఎవరో రాయను, అది నాకు తగినదే.

షమీమ్ నా దగ్గరికి వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"జైల్లో పొద్దున్నే మా నాయన సెల్లు బయట కూడా ఆ గొంతు మోగేదంట. చచ్చిపోయే రోజు గూడా ఆ మనిషినే తిట్టినాడంట. పెంచలత్తా, మా నాయన తప్పు మనిషిని తిట్టి పోయినాడా?"

"అవునమ్మా."

అక్కడే కూలబడి ఏడ్చింది. నేను దగ్గరికి పోలేదు. పోయే హక్కు నాకు లేదు.

ఓట్లు తొమ్మిదికి ఒకటి. వంతు ప్రకారం ఆ ఒక్కటీ షమీమ్‌ది. వెంటనే ఇంకో తీర్మానం పెట్టింది ఆమె. పెంచలమ్మను పక్షంలోంచి తీసెయ్యాలని.

"ఇప్పుడు తియ్యలేం" అన్నాడు జకరయ్యన్న. ఆయన గొంతు కూడా బాగాలేదు. "దీన్ని తీసి ఆయన్ని పెడితే మళ్లీ పదిమందే అవుతాం. ఇద్దరూ కావాల. హాజరైనాక రెండోరోజు కూచోని మాట్లాడదాం. అందాకా చరిత్ర పుస్తకం షమీమ్ రాస్తాది. పెంచలమ్మా, ఇరవైనాలుగో సంవత్సరం నువ్వు చెప్పు, అమ్మాయి రాసుకుంటాది. ఒక్క ముక్క దాచినావో, నా చేతికర్రకు పని పెడతా."

చెప్పాను. షమీమ్ నా ముఖం చూడకుండా రాసుకుంది. నాకు తెలియకుండా ఆమె ఒక ప్రశ్న కూడా రాసింది. 'ఎదురుమాటను గొప్ప పద్ధతి అనుకున్నాం. బయటివాడి చేతిలో పడితే అది ఎలా ఉంటుందని మనలో ఒక్కరైనా ఎందుకు అడగలేదు?' ఆమె పుస్తకం మూసేటప్పుడు చూశాను. నిజమే, ఆ పద్ధతికి మాత్రం ఎవరూ ఎదురుమాట చెప్పలేదు.

హాజరు రోజు

హాజరు కచేరీలో అధికారిణి వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. బల్ల మీద చట్టపెట్టె, చూడ్డానికి ట్రంకుపెట్టెలా ఉంటుంది. షమీమ్ రాసిన చరిత్రను ముందు దానికి అందించాం. మింగేసింది. తర్వాత పేర్లు. జకరయ్యన్న చెప్పాడు, 'ఒకటి' అంది పెట్టె. నేను చెప్పాను, షమీమ్ చెప్పింది, అలా పది అయ్యాయి.

మస్తానయ్య ముందుకు వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు. పలక తేలేదు. నేను అంతా చెప్పేశానని, అందరూ రమ్మంటున్నారని జకరయ్యన్న పంపిన కబురుకు వచ్చాడు.

"గూడూరు మస్తానయ్య" అన్నాడు.

'స్వరం సరిపోలలేదు' అంది పెట్టె.

మళ్లీ చెప్పాడు. మళ్లీ అదే మాట. మాట్లాడక మాట్లాడక ఆయన గొంతు ఆయనది కాకుండా పోయింది.

అధికారిణి శనక్కాయలు పక్కన పెట్టి తెర చూసింది. "పేరు ఒక్కటే చెప్తే దానికి చాలదు పెద్దాయనా. నాలుగు ముక్కలు మాట్లాడితే పట్టుకుంటాది. పాత నమూనా ఒకటే ఉండాది మీది. ఆ మాటలే చెప్పండి."

"ఏ మాటలు?" అన్నాడు, తెలిసి కూడా.

"అవే. నీళ్ల దగ్గర వచ్చేవి."

మస్తానయ్య మావైపు తిరిగాడు. ఆ చూపు నేను చూడలేకపోయాను. ఆ మాటలు మళ్లీ తన నోటితో, అదీ మా ముందు! ఒక అడుగు వెనక్కి వేశాడు. పోతాడనుకున్నాను. పోతే తప్పు పట్టడానికి అక్కడ ఎవరికీ నోరు లేదు.

షమీమ్ ముందుకు జరిగింది. "చెప్పండి మామా. అది ఎదురుమాటే గదా. మాకు తెలుసు."

ఆయన ఆమె వంక చూశాడు. ఎవరి బిడ్డో పోల్చుకున్నట్టున్నాడు. తిరిగి పెట్టె ముందు నిలబడి మొదలుపెట్టాడు. "సంరక్షకుడు లేనిదే ఈ గోడ లేదు..." మొదటి వాక్యం పీలగా వచ్చింది. రెండోదానికి గొంతులో తుప్పు వదిలింది. మూడోదానికి నాకు ఇరవైరెండేళ్ల కిందటి ఆ హాలు కనిపించింది. అందరిముందూ నిలబడి నా కోసం మాట్లాడుతున్న మనిషి కనిపించాడు. చీరచెంగు నోట్లో కుక్కుకున్నాను.

"...నేను కూలీ బిడ్డను, మనస్ఫూర్తిగా చెబుతున్నాను."

'పదకొండు' అంది పెట్టె.

మేం ఊపిరి వదిలేలోపే అది ఇంకోమాట అంది. 'స్వరం ప్రతిపక్ష సభ్యునిది. ప్రజాస్తంభాల నుంచి ఉపసంహరించడమైనది.' అధికారిణి ఉలిక్కిపడి లేచింది. శనక్కాయలు నేలపాలయ్యాయి. ఏవేవో మీటలు నొక్కింది.

"ఏందిది? దీన్ని ఎట్టా ఆపేది? నా ఉద్యోగం పోతాదే!"

"పైవాళ్లకి రాయండమ్మా" అన్నాడు జకరయ్యన్న చాలా మర్యాదగా.

"పైనెవరుండారయ్యా రాయడానికి?" అని తల పట్టుకుంది. పాపం ఆమెను చూస్తే జాలేసింది. నాలుగు రోజులకో నెలకో ఆ పెట్టెలే ఇంకో గొంతు వెతికి పెడతాయి, నాకు తెలుసు. పెట్టుకోనీ. అది ఈయనది కాదు.

హాజరు మర్నాడు

పొద్దున్నే పదమూడో దిబ్బకు పోయాను. ఇరవైనాలుగో సంవత్సరం పేజీకి నకలు తీసుకుపోయాను. ఆయన అడగలేదు. ఆయన చుట్టుపక్కల వాళ్లకు కూడా తెలియాలని నాకే అనిపించింది.

స్తంభం దగ్గర ముప్పై నలభైమంది బిందెలతో నిలబడి ఉన్నారు. నీళ్లు సన్నగా ధార కట్టి పోతున్నాయి. ఒక్కరూ పట్టుకోవడం లేదు. గొంతు వినబడలేదు కదా, ఇంకా వదల్లేదేమో, పడితే నేరమవుతుందేమో అని ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు.

"నీళ్లొస్తుండాయి గదా, పట్టుకోండమ్మా" అన్నారెవరో.

అందరూ గిర్రున వెనక్కి తిరిగారు. స్తంభంలోంచి రావలసిన గొంతు మనిషి నోట్లోంచి వచ్చింది. మస్తానయ్య బిందె పట్టుకుని నిలబడి ఉన్నాడు. బయట నలుగురిలో ఆయన మాట్లాడగా వాళ్లు వినడం అదే మొదలు. ఒకావిడ భయంతో బిందె గట్టిగా పట్టుకుంది.

ఇదే సమయం అనుకున్నాను. స్తంభం గట్టెక్కి కాగితం విప్పి చదివాను. ఆరోజు వంతు ఎవరిదో, ఎవరు బతిమాలారో, ఎవరు గుర్తులేదన్నారో అంతా చదివాను. నా పేరు వచ్చిన చోటల్లా గట్టిగా చదివాను. అయ్యాక, బిందె పట్టుకున్న ఆవిడ నన్ను అడిగింది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు నువ్వు?"

మస్తానయ్య వైపు చూశాను, ఏదైనా అంటాడేమోనని. ఆయన జనం వంకే చూస్తున్నాడు.

"సిగ్గుతో" అన్నాను. ఇంతకంటే మంచి జవాబు ఇన్నేళ్లు వెతికినా దొరకలేదు.

జనం మెల్లగా నీళ్లు పట్టుకోవడం మొదలుపెట్టారు. కొందరు ఆయన దగ్గరికి పోయి ఏదో అన్నారు, కొందరు అనలేక పోయారు. అంతా సద్దుమణిగాక నేను గట్టు దిగి ఆయన పక్కకు వచ్చాను.

"నన్ను క్షమించు అన్నా."

"ఆ మాట ఇప్పుడే అడగబాక. నేను చెప్పలేను" అన్నాడు. బిందెను ధార కింద పెట్టాడు. "రేపు సమావేశమంట గదా. జకరయ్య కబురు పెట్టినాడు. ఏంది విషయం?"

"నన్ను తీసేసే తీర్మానం."

"ఓహో. ఎదురుమాట వంతు ఎవురిది?"

కట్ట పని రోజుల నుంచీ, కొత్తగా వచ్చినవాడి కన్ను కొత్తది కాబట్టి మొదటి వంతు వాడికే ఇస్తారు.

"నీదేనన్నా. కొత్త సభ్యుడివి నువ్వే గదా." ఆయన ముఖంలో ఏముందో నాకు అర్థం కాలేదు. నన్ను ఉంచమని ఈయన వాదించాలి, మనసులో మాటలాగే వాదించాలి. అది వంతో మనసో అడిగే హక్కు మాలో ఎవరికీ ఉండదు, నాకసలే ఉండదు. ఇంత కష్టం ఈయన నెత్తిన మళ్లీ నావల్లే పడిందే అని ఏడుపొచ్చింది. "నీకు కష్టంగా ఉంటే ఇంకెవరికన్నా ఇద్దాం. వంతు మారిందని ఈసారి నేనే రాయిస్తా. మార్చుకుంటావా?"

మస్తానయ్య బిందె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

"మార్చుకోను" అన్నాడు.